దారులు – దూరాలు (8): లండన్ నుంచి సిడ్నీకి మజిలీలు కరిగిన కథ

లండన్‌కూ సిడ్నీకీ మధ్య గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే దాదాపు 17,000 కిలోమీటర్లు వస్తుంది. భూమ్మీద ఏ రెండు ఊళ్లయినా 20,000 కిలోమీటర్లకు మించి ఎడంగా ఉండలేవు. కాబట్టి ఈ రెండు నగరాలూ ఇంచుమించు ప్రపంచానికి ఆ కొసా ఈ కొసా అన్నమాట.

ఈ దారిలో ఓడల కథ గత వారం చెప్పుకున్నాం. 1787 మే 13న పోర్ట్స్‌మత్‌లో లంగరెత్తిన ఖైదీల ఓడలు సిడ్నీ ప్రాంతానికి చేరేసరికి 1788 జనవరి వచ్చేసింది. అంటే ఎనిమిది నెలల పైచిలుకు. ఆవిరి ఓడలు, సూయజ్ కాలువ వచ్చాక అది ఆరు వారాలకు దిగింది. ఇక ఆకాశంలోకి వద్దాం.

వేగం పెరిగే కొద్దీ ప్రయాణ కాలం తగ్గుతుందని చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో నేర్చుకున్నాం. ఈ దారిలో జరిగింది చూస్తే ఆ లెక్క సగమే నిజం అనిపిస్తుంది. విమానాల వేగం పెరిగిన మాట వాస్తవమే. కానీ రోజుల్ని మింగేసింది మధ్యలో దిగిన మజిలీలు. ఒక్కో మజిలీని తీసేయడానికి ట్యాంకు నిండా ఇంధనం కావాలి, కింద దారిచ్చే దేశాలు ఉండాలి. వందేళ్ల కథంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

పదివేల పౌన్ల పందెం

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. ఐరోపాలో పోరాడిన ఆస్ట్రేలియా పైలట్లు ఇంటికి పోవడానికి ఓడల కోసం ఎదురుచూస్తున్నారు. 1919లో ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ ప్రభుత్వం ఒక బహుమానం ప్రకటించింది. బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు 30 రోజుల్లోగా విమానంలో వచ్చిన మొదటి ఆస్ట్రేలియన్లకు 10,000 పౌన్లు.

అన్నదమ్ములు రాస్ స్మిత్, కీత్ స్మిత్, వాళ్ల మెకానిక్కులు జిమ్ బెన్నెట్, వాలీ షియర్స్ పందెంలోకి దిగారు. ఎక్కిన విమానం వికర్స్ విమీ. యుద్ధంలో బాంబులు వేయడానికి తయారుచేసిన రెండింజన్ల యంత్రం. పైలట్ కూర్చునే చోటికి పైకప్పు లేదు. వాన పడినా మంచు కురిసినా మొహానే కొడుతుంది. దాని మీద రాసిన రిజిస్ట్రేషన్ జి-ఇఎఓయు. ఆ అక్షరాలకు 'దేవుడే మనందరినీ కాపాడాలి' అని వాళ్లే ఒక అర్థం చెప్పుకుని నవ్వుకునేవారు.

1919 నవంబర్ 12న లండన్ శివారు హౌన్‌స్లోలో బయలుదేరారు. రోమ్, కైరో, డమాస్కస్, బస్రా, కరాచీ, ఢిల్లీ, కలకత్తా, రంగూన్, సింగపూర్ మీదుగా సాగారు. అప్పటికి విమానాశ్రయాలు ఎక్కడున్నాయి కనుక? కలకత్తాలోనూ రంగూన్‌లోనూ గుర్రప్పందేల మైదానాల్లోనే దిగారు. కలకత్తాలో పైకి లేస్తుండగా ఒక డేగ వచ్చి ప్రొపెల్లర్‌కు కొట్టుకుంది. కొంచెంలో ప్రమాదం తప్పింది.

అసలు గండం జావా ద్వీపంలోని సురబాయాలో ఎదురైంది. దిగిన నేల పైకి గట్టిగా కనిపించినా లోపలంతా బురద. చక్రాలు దిగబడిపోయాయి. ఊళ్లోని జనం తమ ఇళ్లలోని వెదురు తడికలు, చాపలు మోసుకొచ్చి నేల మీద పరిచారు. వందల తడికలతో తయారైన ఆ దారి మీద పరుగెత్తి విమానం గాల్లోకి లేచింది. డిసెంబర్ 10న డార్విన్‌లో దిగేసరికి 27 రోజుల 20 గంటలు పట్టింది. పందెం గెలిచారు.

ఇందులో విమానం గాల్లో ఉన్నది సుమారు 135 గంటలే. మొత్తం ప్రయాణంలో అయిదో వంతు. మిగిలిన కాలమంతా నేల మీదే గడిచింది, మరమ్మతులతో, పెట్రోలు పట్టించడంతో, వాతావరణం కోసం ఎదురుచూడడంతో, నిద్రతో.

డార్విన్‌లో వాళ్లు దిగడానికి నేల చదును చేయించినవాడు హడ్సన్ ఫిష్ అనే యువకుడు. ఈ పందెం కోసమే ఉత్తర ఆస్ట్రేలియాలో విమానాలు దిగే చోట్లు వెతుకుతూ మిత్రుడు పాల్ మెక్‌గినెస్‌తో కలిసి ఫోర్డ్ కారులో అడవులూ వాగులూ దాటాడు. రోడ్డు లేని ఆ దేశానికి విమానమే గతి అని ఇద్దరికీ తోచింది. మరుసటి ఏడాది, 1920 నవంబర్‌లో, వాళ్లు పెట్టిన కంపెనీ పేరే క్వాంటాస్. ఇక్కణ్నుంచి ఈ దారి చరిత్రలో ఆ పేరు విడవకుండా వస్తుంది.

మూడు రోజుల్లో మెల్‌బోర్న్

1934లో మెల్‌బోర్న్‌కు చెందిన మిఠాయిల వ్యాపారి మాక్ఫెర్సన్ రాబర్ట్‌సన్ ఇంకో పందెం పెట్టాడు. ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్ దాకా. తప్పకుండా దిగాల్సిన చోట్లు అయిదు: బాగ్దాద్, అలహాబాద్, సింగపూర్, డార్విన్, చార్ల్‌విల్. స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ అనే ఇద్దరు ఎర్రరంగు డిహావిలాండ్ కామెట్‌లో 71 గంటల్లో చేరి గెలిచారు. పదిహేనేళ్లలో 28 రోజులు కాస్తా మూడు రోజులైంది.

జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది మాత్రం రెండో స్థానం వచ్చిన విమానాన్ని. డచ్చి సంస్థ కెఎల్ఎమ్ వాళ్ల డీసీ-2 అది, పేరు ఊయ్‌వర్. పందెం కోసం కట్టిన యంత్రం కాదు, రోజూ ప్రయాణికుల్ని మోసే మామూలు విమానం. పందెంలో కూడా ప్రయాణికుల్నీ టపానూ ఎక్కించుకునే వచ్చింది. గమ్యం దగ్గరపడగా రాత్రివేళ తుఫానులో చిక్కి దారి తప్పింది. ఆల్బరీ అనే చిన్న ఊరి మీద చక్కర్లు కొడుతోంది. ఆ ఊరివాళ్లు వీధిదీపాలను ఆర్పుతూ వెలిగిస్తూ మోర్స్ కోడ్‌లో ఊరి పేరు చూపించారు. కార్లున్న వాళ్లంతా గుర్రప్పందేల మైదానానికి రమ్మని స్థానిక రేడియోలో కేక వేశారు. వరసగా నిలబెట్టిన కార్ల హెడ్‌లైట్ల వెలుగులో విమానం క్షేమంగా దిగింది. తెల్లవారాక బురదలో కూరుకుపోయిన దాన్ని ఊరంతా తాళ్లు కట్టి లాగి బయటపడేశారు.

ప్రయాణికుల విమానమే ఇంత దూరం ఇంత తొందరగా పోగలదని ఊయ్‌వర్ చూపించింది. ఆ తర్వాత టికెట్ల వ్యాపారం మొదలైంది.

టికెట్టు కొన్నా పన్నెండు రోజులే

1935 ఏప్రిల్‌లో బ్రిటన్ సంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్, క్వాంటాస్ కలిసి లండన్ నుంచి బ్రిస్బేన్ దాకా ప్రయాణికులను తీసుకెళ్లడం మొదలుపెట్టాయి. పట్టే కాలం పన్నెండున్నర రోజులు. పందెం విమానం మూడు రోజుల్లో పోయిన దారికి ఇన్ని రోజులెందుకు? రాత్రిళ్లు ఎగరరు. పూట పూటకీ దిగాలి. విమానాలు మారాలి. ఐరోపాలో కొంత దూరం ఏకంగా రైలెక్కించేవారు!

1938లో ఫ్లయింగ్ బోట్లు వచ్చాయి. ఇవి నీటి మీదే లేచి నీటి మీదే వాలే పెద్ద విమానాలు. రన్‌వేలు కట్టనక్కర్లేదు, నది, చెరువు, సముద్రం ఏదున్నా చాలు. మన దేశంలో ఇవి కరాచీ తర్వాత రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్ చెరువులో, గ్వాలియర్ జలాశయంలో, అలహాబాద్ దగ్గర యమునలో, కలకత్తా దగ్గర హుగ్లీలో వాలేవి. సౌథాంప్టన్ నుంచి సిడ్నీకి దాదాపు పది రోజులు. ప్రయాణికులు పగలు కిటికీల దగ్గర నిలబడి కింద ఒంటెల బిడారులు చూస్తూ, రాత్రి హోటళ్లలో నిద్రపోతూ వెళ్లేవారు. సుఖమే కానీ ఖర్చు మాత్రం కలిగినవాళ్లకే.

యుద్ధం మూసిన దారి

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో మధ్యధరా సముద్రం మూతపడింది. విమానాలు దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి కైరో, కరాచీ, కలకత్తా, సింగపూర్ చుట్టి సిడ్నీకి పోసాగాయి. పటం మీద గుర్రపు లాడంలా కనిపించే ఈ దారిని హార్స్‌షూ రూట్ అన్నారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. దాంతో లాడం మధ్యకు విరిగిపోయింది. ఆస్ట్రేలియాకూ బ్రిటన్‌కూ మధ్య పాత ఆకాశ మార్గం పూర్తిగా తెగిపోయింది.

ఈ తెగిన దారిని కలపడానికి క్వాంటాస్ చేసిన పని ఈ వారం కథకు గుండెకాయ లాంటిది.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో స్వాన్ నది మీంచి లేవాలి. హిందూ మహాసముద్రం అడ్డంగా దాటి శ్రీలంకలో గాల్ దగ్గరున్న కొగ్గల సరస్సులో వాలాలి. మధ్యలో సుమారు 5,650 కిలోమీటర్ల నీళ్లు.  జపాన్ విమానాలు కంటపడితే ఎదుర్కోవడానికి తుపాకీ కూడా లేదు.

ఇందుకు వాడినవి అయిదు క్యాటలీనా ఫ్లయింగ్ బోట్లు. వాటికి నక్షత్రాల పేర్లు పెట్టారు: ఆల్టేర్, వేగా, రైజల్, ఆంటారెస్, స్పైకా. బరువు తగ్గించడానికి అక్కర్లేని సామాన్లన్నీ పీకేశారు. ఆ ఖాళీలో అదనపు ట్యాంకులు అమర్చారు. సుమారు 9,000 లీటర్ల పెట్రోలు నింపాక ప్రయాణికులకు మిగిలిన చోటు ముగ్గురికి! వాళ్లతో పాటు 69 కిలోల టపా. ఇంతకు మించి మోయలేదు. బయలుదేరిన మొదటి గంటల్లో విమానం ఎంత బరువుగా ఉండేదంటే, రెండు ఇంజన్లలో ఏ ఒక్కటి ఆగినా రెండోది దాన్ని గాల్లో నిలబెట్టలేదు. పెట్రోలు కరిగే కొద్దీ ప్రాణానికి భద్రత పెరిగేది.

వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటితే గొప్ప. గాలి వాటాన్ని బట్టి 27 నుంచి 32 గంటల దాకా ఏకబిగిన గాల్లోనే. శత్రువు తిరిగే చోటు చీకట్లో దాటేలా బయలుదేరే వేళ చూసుకునేవారు. రేడియోలో వాతావరణ కబుర్లు వినడమే తప్ప నోరు విప్పడానికి లేదు. మాట్లాడితే ఎక్కడున్నారో తెలిసిపోతుంది. నావిగేటర్ నక్షత్రాలను చూసి, కాగితం మీద లెక్కలు కట్టి దారి చెప్పేవాడు. వేల కిలోమీటర్ల నీటి మధ్య ఆ లెక్క తప్పితే మళ్లీ దిద్దుకోవడానికి పెట్రోలు మిగలదు.

ఒకే ప్రయాణంలో రెండుసార్లు సూర్యోదయం చూసేవారు. అందుకే ఈ సర్వీసుకు 'డబుల్ సన్‌రైజ్' అని పేరొచ్చింది. ఎక్కిన వాళ్లకు 'జంట సూర్యోదయాల రహస్య సంఘం' సభ్యులని ఒక పత్రం కూడా ఇచ్చేవారు.

1943 జూన్ ఆఖరున మొదలై 1945 జూలై దాకా 271 సార్లు ఈ సముద్రం దాటారు. కెప్టెన్ రస్సెల్ టాప్ మొదటి ప్రయాణం నడిపాడు. అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టిన ప్రయాణం 32 గంటల 9 నిమిషాలు. ఒక్క విమానమూ పోలేదు, ఒక్క ప్రాణమూ పోలేదు. అమెరికా అరువుగా ఇచ్చిన ఆ విమానాలను, ఒప్పందం ప్రకారం, యుద్ధం ముగిశాక సముద్రంలో ముంచేశారు.

అప్పటికి యుద్ధ విమానాలు గంటకు 600 కిలోమీటర్ల వేగం అందుకుంటున్నాయి. అయినా ఖండాల మధ్య తెగిన దారిని కలిపింది నత్తనడక క్యాటలీనాయే. దాని దగ్గర ఉన్నది వేగం కాదు, నిలవ ఉంచుకున్న పెట్రోలు.

కంగారూ దారి

యుద్ధం పోయింది, సింగపూర్ మళ్లీ తెరుచుకుంది. 1947 డిసెంబర్ 1న క్వాంటాస్ వారి లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్ సిడ్నీ నుంచి లండన్‌కు బయలుదేరింది. 29 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ మీదుగా నాలుగు రోజులు. గాల్లో గడిపింది సుమారు 55 గంటలు. సింగపూర్‌లో ఒక రాత్రి, కైరోలో ఒక రాత్రి. రానూపోనూ టికెట్టు 585 పౌన్లు. సామాన్యుడు ఆ ధర విని దండం పెట్టి ఓడెక్కేవాడు. ఈ దారికే 'కంగారూ రూట్' అని పేరు స్థిరపడింది. అడుగడుగునా ఎగిరి దూకుతూ పోయే ప్రయాణానికి తగిన పేరే.

1959లో బోయింగ్ 707 జెట్లు రాగానే రాత్రి బసలు పోయాయి. 1971లో క్వాంటాస్ జంబో జెట్ 747 వచ్చింది. సీట్లు పెరిగాయి, ధర దిగింది, మధ్యతరగతి వాళ్లు కూడా ఎక్కగలిగారు. ఒక్కో కొత్త రకం విమానంతో ఒకటో రెండో మజిలీలు రాలిపోయాయి. చివరికి సింగపూర్‌లాంటి ఒక్క ఆగుడే మిగిలింది. ఆ ఒక్కటే కొరకరాని కొయ్య అయింది.

ఆఖరి మజిలీ

1989 ఆగస్టులో క్వాంటాస్ తన మొట్టమొదటి 747-400ను, పేరు సిటీ ఆఫ్ క్యాన్‌బెర్రా, లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆగకుండా నడిపింది. దీనికోసం ప్రత్యేకంగా చిక్కటి ఇంధనం తెప్పించారు. నాలుగు వందల మంది పట్టే విమానంలో ఎక్కింది పాతిక మందికి లోపే. నేల మీద ఇంజన్లు తిప్పితే ఇంధనం ఖర్చవుతుందని రన్‌వే దాకా ట్రాక్టరుతో లాక్కెళ్లారు. 20 గంటల 9 నిమిషాల్లో సిడ్నీలో దిగింది. రికార్డు వచ్చింది కానీ, ఖాళీ విమానంతో వ్యాపారం సాగదుగా! 2015లో రిటైరయ్యాక అదే విమానం సిడ్నీ నుంచి పక్కనే ఉన్న మ్యూజియానికి చేరడానికి పట్టింది పావుగంట.

రోజూ నడిచే సర్వీసు రావడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. 2018 మార్చిలో బోయింగ్ 787-9 పెర్త్ నుంచి లండన్‌కు ఆగకుండా వెళ్లింది. 14,498 కిలోమీటర్లు, సుమారు 17 గంటలు. 2019 నవంబర్‌లో అదే రకం విమానం లండన్ నుంచి సిడ్నీకి 19 గంటల 19 నిమిషాల్లో వచ్చింది. ఇది ప్రయోగం. సుమారు యాభై మందిని ఎక్కించుకుని, వాళ్ల నిద్రనూ తిండినీ పరిశోధకులు గమనించారు. ఆ ప్రయాణంలోనూ రెండు సూర్యోదయాలు కనిపించాయి. 1943 నాటి పేరును గుర్తుచేసుకుంటూ, క్వాంటాస్ ఈ ప్రయత్నానికి 'ప్రాజెక్ట్ సన్‌రైజ్' అని పెట్టుకుంది. దీనికోసం ఎయిర్‌బస్ ఏ350-1000 రకం విమానాలు 12 ఆర్డరిచ్చింది. వాటిలో 20,000 లీటర్ల అదనపు ట్యాంకు, సీట్లు 238 మాత్రమే. ఈ రకం విమానాల్లో మామూలుగా మూడు వందలకు పైగా ఉంటాయి. ప్రయాణికులతో నడిచే సర్వీసు 2027లో అని ప్రకటించారు.

సీట్లెందుకు తగ్గాయో క్యాటలీనా లెక్కే చెబుతుంది. దూరం పెరిగితే ఇంధనం పెరగాలి. ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి. మనుషుల బరువు తగ్గితే తప్ప పద్దు సరిపోదు. 1943లో ముగ్గురు, ఇప్పుడు 238 మంది. మారింది అంకె, లెక్క మారలేదు.

ఎవరి ఆకాశం?

గంటల్ని నిర్ణయించే రెండో విషయం కింద ఉన్న దేశాలు. 2019లో లండన్ నుంచి వచ్చిన ఆ విమానం రష్యా, కజకిస్తాన్, చైనా మీదుగా ఎగిరింది. గ్లోబు మీద దారం దాదాపు అటే పోతుంది. 2022లో ఉక్రెయిన్ మీద దాడి తర్వాత రష్యా ఆకాశం చాలా దేశాల విమానాలకు మూతపడింది. చుట్టు తిరిగితే గంటలు పెరుగుతాయి. 2024 ఏప్రిల్‌లో పశ్చిమాసియాలో ఉద్రిక్తత పెరగ్గానే పెర్త్ నుంచి లండన్ వెళ్లే నేరు విమానం కొన్నాళ్లు సింగపూర్‌లో దిగి ఇంధనం పట్టించుకుని వెళ్లింది. 1942లో యుద్ధం సింగపూర్ మజిలీని లాగేసుకుంది. 2024లో యుద్ధభయం అదే మజిలీని మళ్లీ తెచ్చిపెట్టింది.

ఇంకో మాట మనకు సంబంధించింది. హైదరాబాద్ నుంచి సిడ్నీ సుమారు 9,500 కిలోమీటర్లు. పెర్త్–లండన్ దూరంలో మూడింట రెండు వంతులు. నేటి విమానాలకు ఈ దూరం లెక్కలోది కాదు, ఆకాశం అడ్డూ లేదు. అయినా సిడ్నీలో చదివే, ఉద్యోగం చేసే మనవాళ్లు ఎక్కువగా సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో విమానం మారే వెళ్తారు. నేరు విమానం రావాలంటే ఏడాది పొడవునా సీట్లు నిండుతాయని కంపెనీకి నమ్మకం కుదరాలి. ఇంధనం, ఆకాశం తర్వాత మూడో షరతు ఇదే, గిట్టుబాటు.

కాబట్టి రెండు నగరాల మధ్య విమానం ఎన్ని గంటలు అని ఎవరైనా అడిగితే, కిలోమీటర్లను వేగంతో భాగించి చెప్పకండి. ఎన్నిసార్లు దిగుతుంది, ఎవరి నేల మీదుగా పోతుంది, ఎన్ని సీట్లు నిండుతాయి అని అడిగాకే జవాబు చెప్పండి.

(వచ్చే వారం: 1932లో కరాచీ నుంచి బొంబాయి, బళ్లారి మీదుగా మద్రాసు చేరిన తొలి టాటా టపా విమానం కథ)